ముందు ముసుగు, తరువాతే తుపాకి

రంగు గుండ్లు పేల్చే తుపాకి ఒకటి ఉన్నదని మీరు వినే ఉంటారు. దీనితో ఆడే ఆటకు పెయింట్‌బాల్ అని పేరు. అమెరికాలో పుట్టిన ఈ ఆట ఎన్నో దేశాలకు వ్యాపించింది. మన హైదరాబాదులోనూ దీన్ని ఆడించే మైదానాలు ఉన్నాయి. రెండు జట్లవాళ్లు చెట్ల చాటున, అడ్డుగోడల చాటున నక్కి ఒకరినొకరు రంగు గుండ్లతో కొట్టుకుంటారు. గుండు పగిలి ఒంటిమీద రంగు పడిందంటే ఆట నుండి తప్పుకోవలసిందే.

ఈ ఆటకు మీరు కొత్త అనుకుందాం. మొదటి తుపాకిగా దేనిని ఎంచుకుంటారు? ఖరీదైనది ఎక్కువ దూరం కొడుతుందా? గొట్టం పొడుగ్గా ఉంటే మంచిదా? ఈ ప్రశ్నలకు దుకాణదారు కంటే మీ భౌతికశాస్త్ర పుస్తకమే సరైన జవాబు చెబుతుంది. ఎలాగో చూద్దాం.

చెట్లకు బొట్టు పెట్టే తుపాకి

ఈ తుపాకి మనుషుల కోసం పుట్టలేదు. నరకవలసిన చెట్లకు దూరం నుండే రంగు గుర్తు పెట్టడానికి, మందలోని పశువులను గుర్తించడానికి దీనిని తయారుచేశారు. 1970ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని నెల్సన్ పెయింట్ కంపెనీ కోసం డైజీ కంపెనీ చేసి ఇచ్చిన ‘నెల్‌స్పాట్ 007’ ఇటువంటిదే. అందుకే ఆటగాళ్లు నేటికీ దీన్ని తుపాకి అనరు, మార్కర్ అంటారు. అంటే గుర్తు పెట్టే సాధనం అన్నమాట.

ఇందులో మందుగుండు ఉండదు. బిగించి నింపిన వాయువే గుండును నెడుతుంది. ఇక గుండు సంగతి. చేపనూనె మాత్రను మీరు చూశారు గదా! పైన మెత్తని జెలటిన్ తొడుగు, లోపల నూనె. రంగు గుండు కూడా అంతే. నూనెకు బదులు పాలిఎథిలిన్ గ్లైకాల్‌లో కలిపిన రంగు ఉంటుంది. నీళ్లతో కడిగితే పోతుంది. గుండు వ్యాసం 0.68 అంగుళం, అంటే 17 మిల్లీమీటర్ల పైచిలుకు. బరువు సుమారు 3 గ్రాములు.

మూడు గ్రాములే గదా అనుకోకండి

మైదానాలలో సాధారణంగా గుండు వేగానికి సెకనుకు 300 అడుగులను గరిష్ఠ హద్దుగా పెడతారు. కొన్నిచోట్ల ఇంకా తగ్గిస్తారు. 300 అడుగులంటే 91 మీటర్లు. గంటకు దాదాపు 330 కిలోమీటర్లు! ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే గతిజశక్తి వస్తుందని మీకు తెలుసు. లెక్క కట్టండి. సుమారు 12.5 జౌళ్లు వస్తుంది.

160 గ్రాముల క్రికెట్ బంతి గంటకు 45 కిలోమీటర్ల వేగంతో వస్తే దానికీ ఇంతే శక్తి ఉంటుంది. అది పెద్ద వేగమేమీ కాదు గదా? కాని ఇక్కడే ఒక చిక్కు ఉంది. క్రికెట్ బంతి వ్యాసం ఏడు సెంటీమీటర్లు దాటుతుంది. అది ముఖానికి తగిలితే దెబ్బలో ఎక్కువ భాగం కంటి చుట్టూ ఉన్న ఎముకలమీద పడుతుంది. మన కనుగుడ్డు వ్యాసం 24 మిల్లీమీటర్లు. రంగు గుండు అంతకంటే చిన్నది. కాబట్టి ఆ ఎముకల మధ్య నుండి దూరి, శక్తినంతా నేరుగా కనుగుడ్డుమీదనే దింపుతుంది. ఒంటిమీద తగిలితే కమిలిపోవడంతో సరిపోయే దెబ్బ, కంటికి తగిలితే చూపునే తీసుకుపోతుంది.

అందుకే మొదట కొనవలసినది తుపాకి కాదు, ముసుగు. మామూలు కళ్లద్దాలు గాని, చలువ అద్దాలు గాని, మోటారు సైకిల్ హెల్మెట్ గాని ఇందుకు పనికిరావు. ఈ ఆట కోసమే పరీక్షించి, ఏ.ఎస్.టి.ఎం. ఎఫ్ 1776 ప్రమాణం కలదని ముద్ర వేసిన ముసుగునే తీసుకోవాలి. అద్దం చీలితే దాన్ని మార్చాలి. చెమట పట్టినా, ఆవిరి కమ్మినా మైదానంలో ముసుగు ఎత్తరాదు.

ఇప్పుడు తుపాకి

మీకొక కిటుకు చెబుతాను. చౌక తుపాకి అయినా, ఖరీదైన తుపాకి అయినా మైదానంలో వేగం హద్దు ఒకటే. ఒకే బరువు, ఒకే పరిమాణం గల గుండ్లు ఒకే వేగంతో, ఒకే కోణంలో బయలుదేరితే ఎంత దూరం పోతాయి? ఒకే దూరం! కాబట్టి ‘మా తుపాకి దూరం కొడుతుంది’ అనే మాటకు, పొడుగు గొట్టానికి డబ్బు పోయనక్కరలేదు.

మరి దేనిని చూడాలి? మొదట వాయువును చూడండి. కొన్ని తుపాకులు కార్బన్ డయాక్సైడుతో, కొన్ని బిగించిన గాలితో పనిచేస్తాయి. కార్బన్ డయాక్సైడు సీసాలో ద్రవంగా ఉంటుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని పీడనం వాతావరణ పీడనానికి సుమారు 57 రెట్లు. 0 డిగ్రీల దగ్గర 34 రెట్లే. వెంటవెంటనే పేలుస్తుంటే ద్రవం ఆవిరై సీసా చల్లబడుతుంది, గుండు వేగం పడిపోతుంది. ఎండ ముదిరితే పీడనం పెరుగుతుంది; పొద్దున హద్దులో ఉన్న తుపాకి మధ్యాహ్నానికి హద్దు దాటవచ్చు. గాలి సీసాకు పీడనాన్ని అదుపుచేసే రెగ్యులేటర్ ఉంటుంది. అందువల్ల వేగం నిలకడగా ఉంటుంది. కొత్తవారికి గాలే మేలు.

రెండవది నిర్మాణం. బ్యాటరీతో నడిచేవి సెకనుకు ఎన్నో గుండ్లు పేలుస్తాయి. గుండ్ల ఖర్చు కూడా అంతే వేగంగా పెరుగుతుంది. స్ప్రింగు, సుత్తి, కవాటం ఉన్న మామూలు యంత్రమైతే విప్పి తుడుచుకోవడం మీరే నేర్చుకోవచ్చు. కాని సీసాను, రెగ్యులేటర్‌ను మాత్రం ముట్టుకోకండి. అది తెలిసినవారి పని.

చిన్నవారికి 0.50 అంగుళం గుండ్ల తుపాకులున్నాయి. వ్యాసం కొంచెమే తగ్గినా ఘనపరిమాణం, దానితోపాటు బరువు సుమారు 40 శాతానికి దిగిపోతాయి. అదే వేగంలో దెబ్బ శక్తి కూడా అంతకే దిగుతుంది. అయినా ముసుగు తప్పదు.

వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్ మైదానంలోనే ఉంటుంది. ఆటకు ముందు కొలవండి, ఎండ ముదిరాక మళ్లీ కొలవండి. ఆట ఆగగానే గొట్టం మూతికి తొడుగు వేయండి. అసలు మొదటి కొన్నిసార్లు పెద్దలతో కలిసి మైదానానికి వెళ్లి, తుపాకిని అద్దెకు తీసుకొని ఆడిచూడటమే మంచిది.

చివరగా ఒక ముచ్చట. 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని హెన్నికర్ అనే ఊళ్లో పన్నెండుమంది తొలిసారిగా ఈ ఆట ఆడారు. అడవిలో దాచిన జెండాలను ఏరుకొని రావడమే పందెం. గెలిచినవాడు అడవి పని తెలిసిన మనిషి. అతడు పేల్చిన గుండ్లెన్నో ఊహించగలరా?

ఒక్కటి కూడా లేదు!