బొమ్మ వెనక టీవీ: ముందు కొలవాల్సింది ఎత్తు

ఆపేసిన టీవీ అంటే హాల్లో గోడ మీద ఓ నల్లటి పలక. దాన్ని పెయింటింగ్ వెనక దాచాలనుకునేవారికి ఇంటీరియర్ వాళ్లు ముందు చూపించేది మోటార్లు, రిమోట్లు. అసలు పని టేపుతో మొదలవ్వాలి.

55 అంగుళాల టీవీనే తీసుకుందాం. ఆ 55 మూల నుంచి మూలకు కొలత. వెడల్పు సుమారు 48.5 అంగుళాలు, ఎత్తు 28. సోఫాలో కూర్చుని చూస్తాం కాబట్టి తెర మధ్యభాగం నేలకు 42 అంగుళాల ఎత్తున ఉంటే మెడకు సుఖం. పెయింటింగ్‌ను నిలబడి చూస్తాం. అందుకే గ్యాలరీల్లో బొమ్మ మధ్యభాగం 57-60 అంగుళాల ఎత్తున ఉండేలా తగిలిస్తారు. రెంటికీ తేడా 15 నుంచి 18 అంగుళాలు. పని చెడేది ఇక్కడే. టీవీకి సరిపడా 50×30 బొమ్మ బిగిస్తే అది నడుముకు కాస్త పైన వేలాడుతుంది; వెనక ఏదో దాచారని వచ్చినవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. బొమ్మ కోసం టీవీని పైకెక్కిస్తే రోజూ సినిమా హాల్లో మొదటి వరసే.

అందుకే బొమ్మ నిలువుది కావాలి. కింది అంచు 27 అంగుళాల దగ్గర, మధ్యభాగం 58 దగ్గర ఉండాలంటే బొమ్మ ఎత్తు 62. పై అంచు 89కి చేరుతుంది. తొమ్మిదడుగుల సీలింగ్ కింద ఇది హాయిగా ఇముడుతుంది, టీవీ కింది సగం వెనక దాగుతుంది.

మరి తెరిచేదెలా? 62 అంగుళాల పలకను పైకి జరపడానికి సీలింగ్ ఒప్పుకోదు. పక్కకు జరపాలంటే, పదడుగుల గోడ మధ్యలో 50 అంగుళాల బొమ్మ పోగా అటూ ఇటూ మిగిలేది 35 చొప్పునే. ఒకే పలక పట్టదు. 25 చొప్పున రెండు రెక్కలైతే పడుతుంది. అతుకు ముఖం మీదుగా పోని బొమ్మ ఎంచుకోవాలి, అంతే. 12 మి.మీ. ప్లైవుడ్ మీద బిగిస్తే బరువు 15 కిలోలు దాటుతుంది. 4 మి.మీ. అద్దం వేస్తే మరో 20 కిలోలు. అద్దం వద్దు.

ప్రొజెక్టర్ తెరలా పైకి చుట్టుకునే కాన్వాస్ ఇంకో పద్ధతి. దానికి ప్రింటే మేలు, మందంగా వేసిన ఆయిల్ పెయింట్ చుడితే పగుళ్లిస్తుంది. చుట్టి విప్పే బొమ్మ మనకు కొత్తేం కాదు, చేర్యాల పటాలు అలాంటివే. కానీ వాటి వెడల్పు సుమారు మూడడుగులు, ఈ టీవీకి చాలదు.

లోతు సంగతి: టీవీ 3, బ్రాకెట్ 1, ఖాళీ 1, బొమ్మ 1, వెరసి 6 అంగుళాలు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలో అది తొలవలేం. అల్యూమినియం అచ్చుల్లో పోసిన మైవాన్ కాంక్రీట్ గోడనైతే ముట్టుకోనే కూడదు. ప్లైవుడ్ పెట్టె ముందుకు తేవాల్సిందే. అది కుదరదంటే 2017లో శామ్‌సంగ్ తెచ్చిన ‘ది ఫ్రేమ్’ లాంటి, ఆపినప్పుడు తానే బొమ్మయ్యే టీవీ కొనుక్కోవడం తెలివైన పని.

మిగిలింది వేడి. ఈ సైజు టీవీ 100-150 వాట్ల వరకు తీసుకుంటుంది. ఫోన్ నుంచో వాయిస్‌తోనో బొమ్మ వెనకే అది ఆన్ కావచ్చు. పలక పూర్తిగా తెరుచుకుంటేనే కరెంటు అందేలా స్విచ్ పెట్టించండి, పెట్టెకు పైనా కిందా గాలి సందులు వదలండి. ఆ స్విచ్‌కూ మోటారుకూ కావలసిన పాయింట్లు పుట్టీ పనికి ముందే ఎలక్ట్రీషియన్‌తో వేయించుకోండి.