బడిపంతులు జాషువాను ఎక్కడ వదిలేశాం?

సెప్టెంబర్ 5న బడులన్నింటిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఫొటోకి దండ వేస్తారు. అదే నెల 28న గుర్రం జాషువా జయంతి. ఆ రోజు సభల్లో పద్యాలు పాడతారు, నవయుగ కవిచక్రవర్తి అని కీర్తిస్తారు, విగ్రహం దగ్గర ఫొటోలు దిగుతారు. ఈ రెండు రోజులకూ ఏదో సంబంధం ఉందని మాత్రం ఎవరికీ తోచదు. పద్యం రాసిన చేత్తోనే ఆయన సుద్దముక్క పట్టారన్న సంగతి మన స్మరణలో ఒకే ఒక్క వాక్యంగా మిగిలింది: కొంతకాలం ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఆ 'కొంతకాలం' ఎంతో ఒకసారి లెక్క వేద్దాం.

జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. తల్లి లింగమ్మ మాదిగ, తండ్రి వీరయ్య యాదవ, ఇంటి మతం క్రైస్తవం. చిన్న వయసులోనే మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతానికి చేరారు. ఆ ఉద్యోగం పోయింది. పొట్టకూటికి రాజమండ్రి వెళ్లి 1915-16లో మూకీ సినిమాలు ఆడే చోట, తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి కథ చదివే పని చేశారు. తర్వాత గుంటూరులో లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్లు పనిచేశారు. ఆపైన 1928 నుంచి 1942 దాకా గుంటూరులోనే ప్రభుత్వోద్యోగంలో తెలుగు పండితుడు. అంటే ఒక్క గుంటూరు పట్టణంలోనే సుమారు ఇరవై నాలుగేళ్లు. 'ఫిరదౌసి' 1932లో వచ్చింది, 'అనాథ' 1934లో, 'గబ్బిలం' 1941లో. ఇవన్నీ తెల్లారితే బడికి పోవాల్సిన మనిషి రాసినవి.

మూడు రూపాయలంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ వాడలో అప్పటికి దొరికే పని ఏమిటో పక్కన పెట్టి చూడాలి. పాలేరు జీతం గింజల్లో ఉండేది, అప్పుకు ముడిపడి ఉండేది, ఆసామి దయ మీద ఉండేది. మూడు రూపాయలు నెల తిరిగేసరికి చేతికొచ్చే నగదు. ఊళ్లో బడి ఉన్నా మన పిల్లలకు అరుగు మీదో, ఆవరణ బయటో చోటు. సవర్ణ ఉపాధ్యాయులు మాలపల్లెకో మాదిగపల్లెకో వచ్చి చదువు చెప్పడానికి ఇష్టపడేవారు కాదు. ఆ ఖాళీలోకే మిషన్ బళ్లు వచ్చాయి. 1842లో హయ్యర్ గుంటూరు చేరిన నాటి నుంచి లూథరన్లు, తర్వాత ఒంగోలు వైపు నుంచి బాప్టిస్టులు ఈ ప్రాంతంలో చేసిన పని అందరికీ తెలిసిందే. ఆదివారం ప్రార్థన జరిగే పాకలోనే సోమవారం ఓనమాలు. అందులో చదివిన పిల్లవాడే పెద్దయి అందులోనే పంతులు. అయితే మిషన్ ఉద్యోగం అంటే పూర్తి స్వేచ్ఛ అనుకోవడానికి వీల్లేదు. క్రైస్తవుడివై ఉండి నీకు పురాణాలూ పద్యాలూ ఎందుకనే పెద్దలు ఇటు, పద్యం బాగుందని మెచ్చుకుని కులం తెలిశాక లేచిపోయే పెద్దలు అటు. పేదరికాన్నీ కులమత భేదాన్నీ తన గురువులుగా చెప్పుకున్న మనిషి ఈ రెండింటి మధ్యా పాఠం చెప్పుకుంటూ బతికారు.

మా దృష్టిలో ఆ పదేళ్ల శిక్షణ పాఠశాల కాలమే అన్నిటికన్నా తక్కువ చర్చకు వచ్చింది. అక్కడ ఆయన పాఠం చెప్పింది పంతుళ్లు కాబోయేవాళ్లకు. వాళ్లు ట్రైనింగ్ ముగించుకుని పల్లెల బళ్లకు వెళ్లేవారు. పుస్తకాన్ని లైబ్రరీలో వెతకొచ్చు, ముద్రణల సంఖ్య చెప్పొచ్చు. ఉపాధ్యాయుడి పని ఇంకొకరి చేతిరాతలోకి వెళ్లిపోతుంది, దాని మీద ఆయన పేరుండదు.

ఇక తెలుగు పండితుడి కుర్చీ. లెక్కల మాస్టారుగానో డ్రిల్లు మాస్టారుగానో దళితుడిని చూడటం వేరు. సంస్కృతం, ఛందస్సు, ప్రబంధం చెప్పే స్థానంలో చూడటం ఆ రోజుల్లో చాలామందికి మింగుడుపడని విషయం. ఆ కుర్చీని పుట్టుకతో తమదనుకున్నవాళ్లున్నారు. జాషువా ఉభయ భాషా ప్రవీణుడిగా అందులో కూర్చున్నారు. 'గబ్బిలం'ను ఈ వైపు నుంచి చదివితే దాని పదును ఇంకాస్త తెలుస్తుంది. కాళిదాసు యక్షుడు మేఘంతో సందేశం పంపుతాడు. జాషువా కావ్యంలో అరుంధతీయుడు తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు, ఎందుకంటే అతనికి లేని గుడి ప్రవేశం గబ్బిలానికి ఉంది. అగ్రవర్ణాలు తమ సొత్తనుకున్న సిలబస్‌ను క్షుణ్ణంగా నేర్చుకున్న పంతులు, ఆ సిలబస్‌నే సాక్ష్యంగా బోనులో నిలబెట్టారు.

గౌరవాలు ఆలస్యంగా వచ్చాయి. పండిత ఉద్యోగం ముగిసిన ఇరవై రెండేళ్లకు, 1964లో, శాసనమండలి సభ్యత్వం, 'క్రీస్తు చరిత్ర'కు సాహిత్య అకాడమీ పురస్కారం. పద్మభూషణ్ 1970లో. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు. కూతురు హేమలతా లవణం జోగినీ వ్యవస్థ మీద, స్టువర్టుపురంలో నేరస్థ ముద్ర పడిన కుటుంబాల మధ్య చేసిన పనిని కూడా ఆ ఇంటి చదువులో భాగంగానే మేం చూస్తాం.

జాషువాకు కనీసం కావ్యాలున్నాయి. పద్యం రాయని పంతుళ్ల సంగతేంటి? మన చిన్న పట్టణాల్లో పదవీ విరమణ చేసిన మొదటి తరం దళిత ఉపాధ్యాయులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. చనిపోయినప్పుడు ఫ్లెక్సీ మీద నిరాడంబరుడు, క్రమశిక్షణకు మారుపేరు అని రాస్తారు. ఆ మాటలు ఎవరికైనా సరిపోతాయి, అందుకే అవి ఎవరి గురించీ ఏమీ చెప్పవు.

ఇలాంటి ఇళ్లకు వెళ్లినప్పుడు మేం ముందు అవార్డుల గురించి అడగం. బదిలీ అయిన ఊళ్లో ఇల్లు అద్దెకు దొరికిందా, దొరికితే ఏ పేటలో అని అడుగుతాం. అక్కడి నుంచి కథ దానంతట అదే కదులుతుంది. స్టాఫ్ రూంలో మంచినీళ్ల కుండ ఎక్కడుండేది, ఎదురుగా మాస్టారు అని పిలిచి వెనక ఏమని పిలిచేవారు, హాస్టల్ సీటుకీ స్కాలర్‌షిప్‌కీ ఎందరి దరఖాస్తులు తానే నింపారు, ఆ పిల్లల్లో ఇప్పుడు ఎవరెక్కడున్నారు. సర్వీస్ రిజిస్టర్‌లో చేరిన తేదీ, ఇంక్రిమెంటు, బదిలీ ఉంటాయి. ఆ బదిలీ ఎందుకైందో ఆయన భార్యను అడిగితే తెలుస్తుంది. ఆమె జ్ఞాపకాన్ని విడిగా రికార్డు చేయాలి, ఆయన ఎదురుగా కూర్చుంటే ఆమె మాట్లాడదు. పాత ట్రంకు పెట్టెలో ట్రైనింగ్ సర్టిఫికెట్, గ్రూపు ఫొటో ఉంటే అక్కడే ఫోన్‌తో ఫొటో తీసుకుని, వెనకవైపు పేర్లు రాసి ఉన్నాయేమో చూడండి. లేకపోతే ఫొటోలో ఎవరు ఎవరో ఆయన ఉండగానే వేలుపెట్టి చెప్పించుకోండి.