ఒక సూట్‌కేసు, బోలెడు లెక్కలు

పాల్ ఎర్డోష్ 1913 మార్చి 26న హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. అమ్మానాన్నలు ఇద్దరూ లెక్కల టీచర్లే. సరిగ్గా ఆ రోజుల్లోనే అతని ఇద్దరు అక్కలు స్కార్లెట్ జ్వరంతో చనిపోయారు. మరుసటి ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. తండ్రి రష్యన్లకు బందీగా చిక్కి ఆరేళ్లు సైబీరియాలో ఉండిపోయాడు. మిగిలిన ఒక్క బిడ్డకూ ఏ రోగం అంటుకుంటుందోనన్న భయంతో తల్లి అతన్ని చాలాకాలం బడికి పంపలేదు, ఇంట్లోనే చదివించింది.

మూడేళ్లకే పాల్ మూడంకెల సంఖ్యలను మనసులోనే గుణించేవాడు. ఇంటికొచ్చినవాళ్ల వయసు అడిగి, వాళ్లు పుట్టి ఎన్ని సెకన్లయిందో చెప్పేవాడు. నాలుగేళ్లప్పుడు, 100లోంచి 250 తీసేస్తే సున్నాకి కింద 150 వస్తుందని తల్లితో అన్నాడు. రుణ సంఖ్యలుంటాయని అప్పటికి అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇంటి పనులు మాత్రం ఒక్కటీ వచ్చేవి కావు. 1934లో ఇంగ్లండ్ వెళ్లినప్పుడు టీ వేళ బ్రెడ్డూ వెన్నా ముందు పెట్టారు. రొట్టెకి తన చేత్తో వెన్న రాసుకోవడం 21 ఏళ్ల ఎర్డోష్‌కి అదే మొదటిసారి! అప్పటికే ఆయన డాక్టరేట్ పూర్తయింది.

అంతకంటే ముందే, 1932లో అచ్చయిన ఒక నిరూపణ ఆయనకు పేరు తెచ్చింది. 1 కంటే పెద్ద సంఖ్య ఏదైనా తీసుకుని రెట్టింపు చేస్తే, ఆ రెంటి నడుమ కనీసం ఒక ప్రధాన సంఖ్య ఉండి తీరుతుంది. 4కీ 8కీ మధ్య 5, 7 ఉన్నాయి. 10కీ 20కీ మధ్య 11, 13, 17, 19 ఉన్నాయి. ఎంత పెద్ద సంఖ్య తీసుకున్నా ఇంతేనని రష్యా గణితవేత్త చెబిషెవ్ 19వ శతాబ్దంలోనే నిరూపించాడు గానీ, ఆ దారి చిక్కులమయం. ఎర్డోష్ చాలా తేలికైన దారి కనిపెట్టాడు. దాదాపు అలాంటి దారిలోనే మన శ్రీనివాస రామానుజన్ 1919లో నడిచాడని ఆయనకు ఆ తర్వాత తెలిసింది. అప్పటినుంచీ రామానుజన్ అంటే ఆయనకు ఎంతో గౌరవం.

1938లో ఎర్డోష్ అమెరికా చేరాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బంధువులు ఎందరో నాజీల చేతుల్లో చనిపోయారు. తల్లి మాత్రం బతికి బయటపడింది.

ఆ తర్వాత ఆయనకు సొంత ఇల్లంటూ లేదు, పెళ్లి లేదు, స్థిరమైన ఉద్యోగమూ లేదు. ఉన్న కాసిని బట్టలూ ఒక సూట్‌కేసులో పట్టేవి. దేశదేశాల గణితవేత్తల ఇళ్లకు వెళ్లి, నా బుర్ర తెరిచే ఉందని ప్రకటించి, కూర్చుని లెక్కలు చేసేవాడు. ఒక లెక్క తేలాక ఇంకో ఊరు. ఇలాంటి అతిథిని భరించడం తేలికేమీ కాదు. ఒక ఇంట్లో టమాటా రసం డబ్బా ఎలా తెరవాలో తెలియక కత్తితో పొడిచేశాడు. తర్వాత చూస్తే వంటింటి నేలంతా ఎర్రగా ఉంది. అయినా పిలిచేవాళ్లు తగ్గలేదు. ఆయనతో కూర్చుంటే కొత్త ఆలోచన పుడుతుందని అందరికీ తెలుసు. కొన్నేళ్లపాటు పక్కన తోడొచ్చింది కన్నతల్లే. 1964లో, 80 ఏళ్లు దాటాక, ఆమె కొడుకు వెంట ప్రయాణాలు మొదలుపెట్టి, 1971లో చనిపోయేదాకా తిరిగింది.

చిన్నపిల్లలంటే ఆయనకు ప్రాణం. వాళ్లను ‘ఎప్సిలాన్లు’ అని పిలిచేవాడు. గణితంలో అతి చిన్న విలువకు వాడే గ్రీకు అక్షరం అది.

డబ్బు చేతిలో నిలిచేది కాదు. వుల్ఫ్ బహుమతిగా వచ్చిన 50,000 డాలర్లలో 720 మాత్రమే ఉంచుకున్నాడు. భారత్‌లో ఉపన్యాసాలకు ఇచ్చిన డబ్బును, ఎన్నడూ చూడని రామానుజన్ భార్యకు పంపాడు. హార్వర్డ్‌లో చదవడానికి డబ్బు చాలని ఒక కుర్రాడికి 1,000 డాలర్లు అప్పిచ్చాడు. కొన్నేళ్లకు అతను తిరిగి ఇవ్వబోతే, నేను చేసినట్టే నువ్వూ చెయ్యమని కబురు పెట్టాడు. తాను తేల్చలేని లెక్కలు సాధించినవాళ్లకు జేబులోంచి బహుమతులు ఇచ్చేవాడు. ఒక లెక్కకు ఎండ్రే సెమెరెడి 1,000 డాలర్లు అందుకున్నాడు.

ఎర్డోష్ దాదాపు 1,500 పరిశోధన పత్రాలు రాశాడు. వాటిలో పాలుపంచుకున్నవాళ్లు 500 మందికి పైనే. దీన్నుంచే గణితవేత్తలు ఒక సరదా లెక్క పుట్టించారు. దాని పేరు ‘ఎర్డోష్ సంఖ్య’. ఎర్డోష్‌ది 0. ఆయనతో కలిసి పత్రం రాసినవాళ్లది 1, వాళ్లతో కలిసి రాసినవాళ్లది 2. ఐన్‌స్టీన్ సంఖ్య 2. 1996 సెప్టెంబర్ 20న, పోలండ్ రాజధాని వార్సాలో గణిత సమావేశానికి వెళ్లి ఉండగా, 83 ఏళ్ల వయసులో ఎర్డోష్ గుండెపోటుతో చనిపోయాడు. సగంలో ఉన్న లెక్కలను మిగతావాళ్లు పూర్తిచేయడంతో, ఆయన పేరుతో పత్రాలు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి వెలువడుతూనే ఉన్నాయి.