పటాలమునకు పోయిన తాతగారి జాడ

మన యిండ్లలో మగ్గము పాతిన తాతగారి సంగతి అందరికిని తెలియును. పటాలమునకు పోయిన తాతగారి సంగతి మాత్రము ‘లడాయికి పోయినాడు, తిరిగి రాలేదు’ అను ఒక్క మాటతో ముగియును. సుబేదారు, జమేదారు అయినవారికి సనదులు, పటములు ఉండును. వట్టి సిపాయికి ఏమి మిగులును? ఈ సంగతి అడుగుటకు మా సంఘ కార్యాలయమునకు వచ్చువారు ఈ మధ్య ఎక్కువైనందున, మేము విచారించి తెలిసికొన్నది ఇచ్చట వ్రాయుచున్నాము.

తెలుగువారు సిపాయిలగుట నిన్నమొన్నటిది కాదు. కుంపిణీవారి సైన్యములో మనవారి సంఖ్యనుబట్టి ఉత్తరాదిని సిపాయికే ‘తిలంగా’ అని పేరు పడెను. పిమ్మట దక్షిణాదివారు యుద్ధమునకు తగరని దొరలు తలంచి మద్రాసు పటాలములను తగ్గించుచు వచ్చిరి. 1914లో మనుష్యులు చాలక మరల పిలిచిరి. ఆ యుద్ధము తీరిన పదునైదేండ్లలోపల కాల్బలమును రద్దుచేసిరి. 1941లో మరల పిలిచిరి. అక్కర కలిగినప్పుడెల్ల మనము శూరులమే!

మా సభ్యుల కుటుంబములలో ఒకదానియందు ముత్తాతగారు మొదటి యుద్ధమునకు పోయి రాలేదు. ఏ పటాలమో, ఏ దేశమో ఎరుగరు. చనిపోయిన దినము తెలియనందున నాలుగు తరములుగా మహాలయ అమావాస్యనాడే ఆయనకు తర్పణము విడుచుచున్నారు. ఇంటిలో రాజుగారి ముఖముగల వెండి పతకము ఒకటి ఉండెను. ముఖము చూచినవారే గాని అంచు చూచినవారు లేరు. ఆ యుద్ధపు పతకములకు అంచుమీద సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలము చెక్కియుండును. నక్షత్రాకారపు పతకమైనచో వెనుకవైపున ఉండును. భూతద్దము పెట్టి చదివితిమి. చిక్కుపడిన చిలపలో కొస దొరికినట్లయ్యెను.

1917లో ఏర్పడిన యుద్ధసమాధుల కమిషను ఉభయ యుద్ధములందు మరణించినవారి రిజిస్టర్లు ఉంచినది. వానిని ఇంటర్నెట్టులో ఉచితముగ చూడవచ్చును. అందులో మరణించిన తేది, పటాలము, పెక్కుచోట్ల తండ్రి పేరు, ఊరు కూడ ఉండును. మా ముత్తాతగారి తేది దొరకినది. పురోహితులు పాత పంచాంగము చూచి తిథి చెప్పిరి.

ఆయన స్మారకస్థానము ఇరాకులోని బస్రా. అచ్చట సమాధి తెలియని 40 వేలమందికి పైగా స్మరింపబడిరి. తెల్లవారి పేర్లు, మన హోదాదారుల పేర్లు రాతిమీద చెక్కిరి. మన సిపాయిలను మాత్రము పటాలమువారీగా ‘ఇంతమంది’ అని అంకె వేసి ఊరకుండిరి. ఫ్రాన్సులోని న్యూవ్ షాపెల్‌లో 1927లో ఆవిష్కరించిన స్మారకముమీద 4,700కు పైగా మనదేశపువారి పేర్లు, సిపాయిల పేర్లతో సహా, ఉన్నవి. అదే యుద్ధము, అదే కమిషను. ఐరోపాలో పేరు దక్కినవానికి ఇరాకులో అంకె ఏల? 2021లో కమిషను ఇట్టి భేదములను ఒప్పుకొని క్షమాపణ చెప్పినది. నూరేండ్లు పట్టినది.

వెదకునప్పుడు పేరు దగ్గరనే చిక్కు. పటాలపు గుమాస్తా చెవికి వినబడినట్లు ఇంగ్లీషులో వ్రాసెను. ఇంటిపేరు పెక్కుచోట్ల లేదు. అప్పలస్వామి అరవ పద్ధతిని ‘అప్పలసామి’ అగును. కావున తండ్రి పేరును, ఊరును పట్టుకొని పోవలెను. జిల్లా విషయమును గమనింపవలెను. మన గంజాం 1936 వరకు మద్రాసు రాజధానిలోనిది. బళ్లారి 1953లో మైసూరునకు పోయినది. శ్రీకాకుళము జిల్లా 1950లో పుట్టినది గనుక అచ్చటివారిని గంజాం క్రిందను, విశాఖపట్టణము క్రిందను చూడవలెను. షోలాపురమువారు బొంబాయి రాజధాని క్రింద చూచుకొందురు గాక. యానాము 1954 వరకు ఫ్రెంచివారిది. అచ్చటినుండి పోయి 1914-18లో మరణించినవారి కొరకు ఫ్రెంచి రక్షణశాఖవారి మృతుల కార్డులు చూడవలెను. రెండవ యుద్ధమున బర్మాలో పోయి సమాధి తెలియనివారి పేర్లు రంగూను స్మారకముమీద ఉన్నవి. అచ్చట సుమారు 27 వేల పేర్లు గలవు.

తిరిగి వచ్చి మరల మగ్గమెక్కినవారి జాడ తీయుట ఇంకను కష్టము. వారు కమిషను రిజిస్టర్లలో ఉండరు. డిశ్చార్జి కాగితమో, పింఛను పుస్తకమో ఇంటిలో వెదకవలెను. నంబరు దొరకినచో పటాలమునుబట్టి నీలగిరిలోని వెల్లింగ్టనుకు గాని, బెంగుళూరులోని మద్రాసు ఇంజనీర్ల దళమునకు గాని వ్రాసి అడుగవచ్చును. పటాలముల యుద్ధదినచర్యలు లండను జాతీయ పత్రాగారమున ఉన్నవి. వానిలో సిపాయి పేరు సాధారణముగ కానరాదు. అయినను ఏ దినమున పటాలము ఎచ్చట విడిసినదో, ఏ నది దాటినదో తెలియును. పటాలమున్నచోటనే సిపాయియు ఉండును గదా.

పతకములున్నవారు మెరుగు కొరకు అంచును చింతపండు, బూడిదలతో తోమవలదు. కరిగించి కడియములు చేయించుకొనదలచినవారు ముందుగా అంచుమీది అక్షరములను కాగితముమీద వ్రాసికొనవలెను. ఆ కాగితము తెచ్చినచో మా కార్యాలయమున వెదకి చూతుము. రుసుము లేదు.