త్వరపడు చర్యలు, వెనుదిరుగు చర్యలు

రామగుండము, గోదావరిఖని ప్రాంతములందలి బొగ్గు 25 కోట్ల సంవత్సరములకు పైగా భూగర్భమున చల్లగా పడియున్నది. దానిని త్రవ్వి, వెలికి తెచ్చి, పెద్ద కుప్పగా పోసి కొన్ని వారములు కదల్పక వదలినచో, ఎవ్వరును నిప్పు పెట్టకయే అది పొగ గ్రక్కుట కలదు. యుగములు ఊరకున్న పదార్థము వారములలో ఏల రాజుకొనెను? పాఠశాలలో పిల్లలు చదువు 'చర్యావేగము' అను పాఠమంతయు ఈ ప్రశ్నలో ఇమిడియున్నది.

బొగ్గు గాలిలోని ఆమ్లజనితో కలియుట రసాయనిక చర్య. నేలలోపల దానికి గాలి అందలేదు; బయట అందినది. అయినను సాధారణోష్ణమున ఈ చర్య మిక్కిలి మెల్లగా సాగును. కాని చర్య జరిగినపుడెల్ల కొంత వేడి పుట్టును. చిన్న కుప్పలో ఆ వేడి గాలికి పోవును; పెద్ద కుప్ప నడుమ పోవుటకు దారి లేదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన పెక్కు చర్యల వేగము సుమారు రెండింతలగునని ఒక స్థూలమైన లెక్క కలదు. ఆ లెక్కన 30 డిగ్రీలనుండి 70 డిగ్రీలకు చేరిన బొగ్గునందు చర్య 16 రెట్లు వేగముగా జరుగును. వేగము వలన వేడి, వేడి వలన మరింత వేగము. తుదకు మంట. వడ్డీకి వడ్డీ పెరిగినట్లు ఈ నిప్పు పెరుగును.

వేగమును పెంచు రెండవ కారణము ఉపరితలము. ఒక సెంటీమీటరు భుజము గల బొగ్గు ఘనమునకు 6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలము కలదు. దానినే ఒక మిల్లీమీటరు భుజము గల 1000 ముక్కలుగా చేసిన, ఉపరితలము 60 అగును. మిల్లీమీటరులో నూరవ వంతు ధూళిగా చేసిన 6000 అగును. బొగ్గు అదియే, బరువు అదియే; గాలికి తగులు మేర మాత్రము వేయిరెట్లు. కనుకనే పొయ్యిలో నిదానముగా కాలు బొగ్గు, గాలిలో తేలు ధూళియైనపుడు ఒక్క నిప్పురవ్వకు ప్రేలగలదు. గనిమార్గములందు సున్నపురాతి పొడిని చల్లుట ఇందులకే. ఆ పొడి మండదు. పుట్టిన వేడిని తాను గ్రహించి, మంటను ముందుకు సాగనీయదు. బొగ్గు తీసివేసిన ఖాళీలలో గోదావరి ఇసుకను నీటితో కలిపి నింపుట వలనను రెండు ప్రయోజనములు కలవు: పైకప్పునకు ఊత, మిగిలిన బొగ్గునకు గాలి అందకుండుట.

కాలిన బొగ్గు మరల బొగ్గు కాదు. కాని అన్ని చర్యలును ఇట్లు ఒకే దిక్కునకు పోవు. కొన్ని ముందునకును, వెనుకకును ఏకకాలమున నడచును. వీనిని ద్విగత చర్యలందురు. రెండు దిక్కుల వేగములును సమానమైనపుడు బయటికి ఏ మార్పును కనబడదు. ఒక సంతలోనికి నిమిషమునకు ఎందరు వచ్చుచున్నారో అందరే పోవుచున్నచో, లోపలి జనసంఖ్య మారదు; అయినను ఎవరును నిలిచి ఉండలేదు. రసాయనిక సమతాస్థితి అట్టిదే.

రామగుండమునందలి ఎరువుల కర్మాగారము ఇందుకు చక్కని ఉదాహరణము. 1980లో బొగ్గును ఆధారముగా చేసికొని ఉత్పత్తి మొదలుపెట్టిన పాత కర్మాగారము 1999లో మూతపడినది. అచ్చటనే సహజవాయువుతో నడచు క్రొత్త కర్మాగారము 2021లో ఉత్పత్తి ప్రారంభించెను. దినమునకు 2200 టన్నుల అమోనియాను, దానినుండి 3850 టన్నుల యూరియాను తయారుచేయు సామర్థ్యము దీనికి కలదు. ఒక పాలు నత్రజని, మూడు పాళ్లు ఉదజని కలిసి రెండు పాళ్లు అమోనియా అగును. ఆ అమోనియాయే విడిపోయి మరల నత్రజని, ఉదజని అగుచుండును. ఒత్తిడి పెంచిన, నాలుగు పాళ్లు రెండగు దిక్కునకు చర్య మొగ్గును. చల్లార్చినను అమోనియా హెచ్చును. కాని అప్పుడు వేగము చచ్చిపోవును. అందుచేత ఇనుమును ఉత్ప్రేరకముగా ఉంచి, 400 నుండి 500 డిగ్రీల నడుమ రాజీపడుదురు. ఉత్ప్రేరకము రెండు దిక్కుల వేగమును సమముగా పెంచును. సమతాస్థితికి త్వరగా చేర్చునే గాని దానిని జరుపజాలదు. తయారైన అమోనియాను ఎప్పటికప్పుడు చల్లార్చి తీసివేసి, మిగిలిన వాయువులను మరల లోనికి పంపుదురు.

సమతాస్థితిని కదల్చినపుడు అది ఆ కదలికను తగ్గించు దిక్కునకే ఒరుగునను సూత్రమును 1884లో ప్రకటించినవాడు ఫ్రెంచి దేశస్థుడైన లె షటెల్యే. ఈయన గనుల ఇంజనీరు. గనులలో పుట్టు మండెడి వాయువుల ప్రేలుళ్లను పరిశోధించినవాడు.

ఆ సూత్రమే ప్రాణము నిలుపు సందర్భమొకటి కలదు. మన రక్తములోని ఎఱ్ఱని పదార్థము ఊపిరితిత్తులలో ఆమ్లజనిని పట్టి, దేహమున విడుచును. ఇదియు ద్విగత చర్యయే. బొగ్గు చాలినంత గాలి లేక కాలినపుడు పుట్టు కార్బన్ మోనాక్సైడు అను వాయువు, ఆమ్లజనికంటె 200 రెట్లకు పైగా బలముగా ఆ పదార్థమును పట్టుకొనును. దానికి రంగు లేదు, వాసన లేదు. గని ప్రేలుళ్లలో మృతి చెందినవారిలో పెక్కుమందిని చంపినది ఈ వాయువేయని హాల్డేన్ అను శరీరశాస్త్రజ్ఞుడు 1896లో వెల్లడించెను.

అయితే ఆ పట్టు విడరానిది కాదు. ఆమ్లజనిని హెచ్చించిన చర్య వెనుకకు మరలును. మామూలు గాలిలో రక్తమునందలి ఈ విషము సగమగుటకు నాలుగైదు గంటలు పట్టును. స్వచ్ఛమైన ఆమ్లజనిని పీల్చిన గంట, గంటన్నరలో సగమగును. గనులలోని రక్షకదళములు ఆమ్లజని సీసాలతో దిగుటకును, ఆసుపత్రిలో రోగి ముఖమునకు ముసుగు తొడుగుటకును కారణమిదియే.

గృహిణులు గమనింపవలసినదియు ఇందే కలదు. చలిరాత్రులందు తలుపులు బిగించి, గదిలో బొగ్గుల కుంపటి ఉంచుకొని నిద్రింపరాదు. పొగ లేదు, మంట లేదు కనుక భయము లేదని తలపరాదు. ఎఱ్ఱగా కణకణలాడు నిప్పులే ఈ విషమును విడుచును. తలనొప్పి, వాంతి, మత్తు కనిపించిన వెంటనే తలుపులు తెరచి, మనిషిని బయటి గాలిలోనికి చేర్చి, ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ద్విగత చర్యను మరలించుటకు వ్యవధి ముఖ్యము. ఆలస్యమైనచో రక్తము తేరుకొనవచ్చును గాని, ఆమ్లజని లేక చెడిన మెదడు తేరుకొనకపోవచ్చును.