చేతిలో గ్రంథాలయం

పుస్తకం చదవడానికి యంత్రమేమిటని ముక్కున వేలు వేసుకునే పెద్దలు ఇంకా ఉన్నారు. ఇన్నేసి పుస్తకాలు మోయడమెందుకని నవ్వే పిల్లలూ ఉన్నారు. కళాశాలలో తెలుగు పాఠాలు చెబుతూ ఈ ఇరువురి మధ్యా మసలేవాణ్ణి గనుక రెండు పక్షాల మాటా చెబుతాను.

ముందు యంత్రం పక్షం. 2007 నవంబరులో అమెరికాలో అమెజాన్ సంస్థ 'కిండిల్'ను విడుదల చేసింది. దాని తెర సెల్‌ఫోను తెర వంటిది కాదు. కంటికి ఆనని నలుపు, తెలుపు రేణువులు విద్యుత్తు తగలగానే పైకీ కిందికీ జరిగి అక్షరాలవుతాయి. పేజీ మారేటప్పుడు తప్ప, అక్షరం నిలవడానికి కరెంటు అక్కరలేదు. ఎండలోనూ కాగితంలాగే కనిపిస్తుంది. వందల పుస్తకాలు నింపినా బరువు పెరగదు. నాంపల్లి స్టేషనులో రైలెక్కేవారికి ఇంతకంటె ఏం కావాలి? పైగా అక్షరాన్ని కావలసినంత పెద్దది చేసుకోవచ్చు. చూపు మందగించిన మా నాన్నగారి వంటివారికి అది వరమే.

ఇక రెండో పక్షం. ఆదివారంనాడు దుకాణాలు మూసి ఉంటే, ఆబిడ్స్ కాలిబాటలమీద పాత పుస్తకాలు పరుస్తారు. వెదుకుతూ వెళ్ళినది దొరకదు. కలలోనైనా తలవనిది కాలికి తగులుతుంది. బేరమాడి కొన్న ఆ పుస్తకం మనది. చదివి చెల్లెలికివ్వవచ్చు, తిరిగి అమ్ముకోవచ్చు. యంత్రంలో మనం కొనేది చాలావరకు చదువుకునే అనుమతి మాత్రమే. 2009 జూలైలో జార్జి ఆర్వెల్ '1984' నవలను అమ్మినవారికి ఆ హక్కు లేదని తేలగా, అమెజాన్ దాన్ని పాఠకుల కిండిళ్ళనుంచి తొలగించి డబ్బు వాపసిచ్చింది. పాత రాతలను మాయంచేసే ప్రభుత్వం కథకే ఆ గతి పట్టింది! ఆబిడ్స్ వ్యాపారి ఎంత గడుసువాడైనా మన బీరువా తెరవడు గదా.

అసలు చిక్కు తెలుగువారిది. 2016లో కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలను ప్రవేశపెట్టినప్పుడు తెలుగుకు చోటు దక్కలేదు. మన పాత పుస్తకాలను 'డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా' వారు వేలకొద్దీ స్కాన్ చేసిన మాట నిజమే. కాని అవి పేజీల బొమ్మలు. చిన్న తెరమీద వత్తులు, గుడిదీర్ఘాలు అలుక్కుపోతాయి. పెద్దవి చేస్తే పంక్తి తెర దాటిపోతుంది. మా నాన్నగారు ఇంగ్లీషు నవల హాయిగా చదువుకుంటారు. ఆయన అడిగేది మాత్రం చిన్ననాడు చదివిన తెలుగు పుస్తకం. వరం అక్కడే పనిచేయదు.

దీనికి మందు ఒకటే: బొమ్మను అక్షరంగా మార్చడం. తెలుగు వికీసోర్సులో ఔత్సాహికులు స్కాన్ పేజీని పక్కన పెట్టుకుని, తప్పులు దిద్దుతూ ఆ పనే చేస్తున్నారు. జీతం లేదు, పరీక్ష లేదు. తెలుగు చదవడం, కంప్యూటరులో రాయడం వస్తే చాలు. సెలవుల్లో మన పిల్లలు రోజుకొక పేజీ దిద్దినా, ఏ తాతగారికో ఒక పుస్తకం తిరిగి దొరుకుతుంది. అంతవరకు ఆదివారాలు నేను ఆబిడ్స్ వెళ్ళక తప్పదు. అది నాకు కష్టమని మాత్రం అనుకోకండి.