మిడిల్ పాయింట్ పిల్లల ఎత్తు ఏ లెక్కలో ఉంది?

2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3,80,581. తెలుగు తమ మాతృభాష అన్నవాళ్లు 13 శాతం పైచిలుకు, అంటే 50 వేల మంది. పోర్ట్ బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లో (2024 నుంచి నగరం పేరు శ్రీ విజయపురం) ఏ తెలుగింటి తలుపు తట్టి సొంతూరు ఏదని అడిగినా, ఎక్కువగా వినిపించేవి శ్రీకాకుళం, విశాఖ వైపు పేర్లే.

ఆ శ్రీకాకుళం జిల్లా పిల్లలు కొందరు 2002 నుంచి ఒక అంతర్జాతీయ లెక్కలో ఉన్నారు. దాని పేరు ‘యంగ్ లైవ్స్’. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ఈ పరిశోధన ఇథియోపియా, పెరూ, వియత్నాం, భారత్‌లలో దాదాపు 12 వేల మంది పిల్లల్ని పట్టుకుని వాళ్లనే వదలకుండా చూస్తోంది. మన దేశం వాటా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కే దక్కింది: శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్. 20 చోట్లు ఎంచుకుని, ఒక్కోచోట ఏడాది వయసు పిల్లలు 100 మందిని, ఎనిమిదేళ్లవాళ్లు 50 మందిని తీసుకున్నారు. మొత్తం మూడు వేలు. హైదరాబాద్‌లోని ఆర్థిక సామాజిక అధ్యయనాల కేంద్రం, తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఇక్కడి భాగస్వాములు. 2006-07, 2009, 2013, 2016లో మళ్లీ మళ్లీ ఆ పిల్లల దగ్గరికే వెళ్లారు. కరోనా రోజుల్లో ఫోన్ చేసి మాట్లాడారు. పదిహేనేళ్లు గడిచాక కూడా పది మందిలో తొమ్మిది మందికి పైగా దొరికారంటే, వలసలు మామూలైపోయిన మన జిల్లాల్లో అది చిన్న విషయం కాదు.

ఒకే పిల్లాడి దగ్గరికి అన్నిసార్లు వెళ్లడం దేనికి? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అండమాన్‌లోనూ జరుగుతుంది, పిల్లల ఎత్తూ బరువూ కొలుస్తుంది. కానీ ప్రతి విడతలో వేరే ఇళ్లు, వేరే పిల్లలు. గిడసబారినవాళ్లు ఇంతమంది అని అది చెప్పగలదు. ఏడాది వయసులో గిడసబారిన పిల్ల ఎనిమిదేళ్లకు తేరుకుందా అన్నది చెప్పలేదు. యంగ్ లైవ్స్ నాలుగు దేశాల సమాచారం దానికి జవాబిచ్చింది: ఎనిమిదేళ్లకల్లా ఎత్తులో తేరుకున్న పిల్లలు చదువులో, బుద్ధి పరీక్షల్లో మిగతావాళ్లకు దగ్గరగా వచ్చారు. మొదటి రెండేళ్లు దాటితే ఇక అంతే అని చేతులు దులుపుకునేవాళ్లు చూడాల్సిన ఫలితం ఇది.

ఇంకోటి మన బడి భోజనానిది. 2003 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం మొదలైంది. పసితనంలో కరువు దెబ్బ తిన్న ఇళ్ల పిల్లల్లో, బడిలో అన్నం తిన్నవాళ్లు ఆ నష్టాన్ని చాలావరకు పూడ్చుకున్నారని 2014లో వచ్చిన విశ్లేషణ తేల్చింది. కరువుకు ముందు కొలత, తర్వాత కొలత రెండూ చేతిలో ఉండబట్టే ఆ మాట అనగలిగారు. 2002లో ఎనిమిదేళ్లున్న పెద్ద పిల్లల లెక్క మాత్రం చేదుగా ఉంది. 19 ఏళ్లు వచ్చేసరికి అమ్మాయిల్లో మూడింట ఒకరికి పైగా పెళ్లయిపోయింది.

ఇలా ఏళ్ల తర్వాత మళ్లీ వెళ్లి కొలిచిన ఉప్మా కథ ఒకటి యంగ్ లైవ్స్ కన్నా పాతది. 1987-90లో జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ దగ్గరి 29 పల్లెలను తీసుకుంది. 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో ఉప్మా వండిపెట్టారు. 14 ఊళ్లలో లేదు. 2003-05లో లండన్, బ్రిస్టల్ పరిశోధకులతో కలిసి మళ్లీ వెళ్లి, 13 నుంచి 18 ఏళ్ల వయసున్న 1,165 మందిని కొలిచారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు. ఇన్సులిన్ పనిచేయని తీరు వాళ్లలో 20 శాతం తక్కువ.

ఆ 14 మిల్లీమీటర్ల దగ్గర కాస్త ఆగాలి. రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టి పొడవు కొలుస్తారు, రెండేళ్లు దాటితే నిలబెట్టి ఎత్తు. ఒకే పిల్లను రెండు రకాలుగా కొలిస్తే పడుకున్నప్పుడు సుమారు 7 మిల్లీమీటర్లు ఎక్కువ వస్తుంది. అంటే కొలిచే పద్ధతి మారితేనే ఉప్మా ఫలితంలో సగం పుట్టుకొస్తుంది, లేదా మాయమవుతుంది. జుట్టు ముడి విప్పలేదు, మడమ పలకకు ఆనలేదు అనేవి వేరే. అంతర్జాతీయ బృందంలో చేరడమంటే ముందుగా ఈ చాదస్తానికి ఒప్పుకోవడమే: ఒకే పలక, ఒకే పద్ధతి, ఒకే ప్రశ్న, నాలుగు దేశాల్లోనూ.

మిడిల్ పాయింట్ అంగన్‌వాడీలో పాప బరువు చూసే గీత కూడా ఇలాంటి చాదస్తంలోంచి వచ్చిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ఆ ప్రమాణాల కోసం 1997-2003 మధ్య ఆరు దేశాల్లో సుమారు 8,500 మంది పిల్లల్ని కొలిచారు. బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా, మన దేశం. మనవైపు నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలు.

మరి దీవుల్లోని తెలుగు పిల్లల సంగతి? వాళ్లను విడిగా లెక్కపెట్టుకుందామంటే అంకెలే అడ్డం వస్తాయి. 2011లో దీవుల్లో ఆరేళ్లలోపు పిల్లలు సుమారు 41 వేలు. తెలుగువాళ్ల వాటా పిల్లల్లోనూ 13 శాతమే అనుకుంటే 5,300 మంది. ఏడాదికి 760 మంది చొప్పున. వాళ్లలో ఓ వంద మందిని కొలిస్తే 30 మంది గిడసబారినట్టు తేలిందనుకోండి. అసలు సంఖ్య 21 నుంచి 39 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. రెండు వేల మందిని కొలిస్తే ఆ దూరం 28 నుంచి 32కు తగ్గుతుంది. ఇల్లిల్లూ తిరిగినా ఒకే ఏడు పుట్టిన రెండు వేల మంది తెలుగు పిల్లలు ఇక్కడ లేరు. శిశు మరణాల రేటుకూ ఇదే తిప్పలు. చిన్న రాష్ట్రాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు మాదిరి నమోదు వ్యవస్థ మూడేళ్ల లెక్కను కలిపి ఇస్తుంది.

అందుకే దీవులకంటూ ఓ ప్రత్యేక అధ్యయనం కావాలని అడగడం కన్నా, నడుస్తున్న పెద్ద లెక్కలోకి అదే కొలబద్దతో తీసుకోమనడం మేలని నా అభిప్రాయం. శ్రీకాకుళంలో ఉండిపోయిన అన్నదమ్ముల పిల్లలు, ఓడెక్కి వచ్చినవాళ్ల పిల్లలు ఒకే పట్టికలో కనిపిస్తే, సముద్రం దాటడం వల్ల తిండిలో, ఎత్తులో, చదువులో ఏం మారిందో తెలుస్తుంది. అంత చక్కని పోలిక పరిశోధకులకు ఊరికే దొరకదు.

అయితే ఇందులో కుటుంబాలు దరఖాస్తు పెట్టేదేమీ లేదు, చేరేది సంస్థే. ఇక్కడ భారత వైద్య పరిశోధన మండలి ప్రాంతీయ కేంద్రం 1983 నుంచి ఉంది. లెప్టోస్పైరోసిస్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రంగా పనిచేసిన అనుభవమూ ఉంది. విదేశీ సంస్థతో కలిసి ఆరోగ్య పరిశోధన చేయాలంటే నైతిక సంఘం అనుమతితో పాటు కేంద్ర ఆరోగ్య శాఖ పరిశీలన సంఘం ఆమోదం తప్పనిసరి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి ఒక్కటే చాలదు. ఏడేళ్లు దాటిన పిల్లను నోటిమాటగా అడగాలి, పన్నెండు దాటితే రాతపూర్వకంగా. సర్వే అనగానే రేషన్ కార్డు తీసి చూపించే అలవాటు మనది గానీ, ఇక్కడ ఇష్టం లేదంటే వద్దనొచ్చు, మధ్యలో మానుకోనూవచ్చు. యంగ్ లైవ్స్ సమాచారం పేర్లు తీసేసి బ్రిటన్‌లోని డేటా భాండాగారంలో ఉంది. నమోదు చేసుకున్న పరిశోధకులు ఎక్కడివారైనా వాడుకోవచ్చు. మీ ఇంటికి ఎవరైనా టేపు, పలక పట్టుకుని వస్తే మూడు సంగతులు అడగండి: మళ్లీ ఎప్పుడొస్తారు, మా పాప పేరు ఎవరి దగ్గర ఉంటుంది, తేలిన ఫలితం మాకు తెలుగులో ఎవరు చెబుతారు.